సుమయ్య చూసిన మొదటి బిడ్డ

సుమయ్య ఆడపిల్ల. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ కోర్సులో చేరిన రోజు, హాజరు పిలుస్తున్న మాస్టారు "సుమయ్య" అని చదివి, ఎవరో పెద్దాయన లేచి నిలబడతాడనుకుని వెనక బెంచీల దాకా వెతికాడట. మోచేతుల దాకా గోరింటాకు పెట్టుకున్న ఇరవై రెండేళ్ళ పిల్ల లేచి "ప్రెజెంట్ సార్" అనేసరికి క్లాసంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది సుమయ్యే. నవ్వు మొదలైతే ఆపుకోవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

వాళ్ళది మా ఆదోని. దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. తండ్రి పీరా సాబ్ పరుపులు కుడతాడు. కింద అంగడి, పైన ఇల్లు. కింద దూది ఏకే మిషను తిరిగినప్పుడల్లా పైన గచ్చు సన్నగా అదురుతుంది. కిటికీ ఎంత బిగించినా దూది పింజలు వచ్చి సుమయ్య లాప్‌టాప్ మీద, జడ మీద, ఒక్కోసారి టీ మీద వాలుతుంటాయి. తల్లి చిన్నప్పుడే పోవడంతో సుమయ్యనూ, అక్క రుక్సానానూ పెంచింది అవ్వ సైదా బీ.

సైదా బీ మంత్రసాని. ఆదోని సందుల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నలభై ఏళ్ళ పాటు కాన్పులు చేసింది. ఇప్పుడు అందరూ ఆసుపత్రులకే పోతున్నారు. అందుకు ఆమెకు ఏ బాధా లేదు. "మంచిదే గదా, నా మోకాళ్ళు గూడా అరిగిపోయె" అంటుంది. కానీ చేతులు ఊరుకోవు. వీధిలో ఎవరి చంకలో పసిబిడ్డ కనబడినా లాక్కుని, తిప్పి, మడిచి, చూసి ఇచ్చేస్తుంది.

ఆమె మనవరాలికి వచ్చిన ఉద్యోగమూ పసిబిడ్డలదే. కంపెనీ హైదరాబాదుది, పని అమెరికాది. అక్కడ ఏదో ఆసుపత్రిలో బిడ్డ పుడుతుంది. పిల్లల డాక్టరు ఆ బిడ్డను తల నుంచి పాదాల దాకా పరీక్ష చేసి, చూసిందంతా రాసిపెడతాడు. ఆ రాత సుమయ్య తెర మీదికి వస్తుంది. అది చదివి ఆ పరీక్షకు సరిపడే కోడు ఎంచాలి. అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళు ఆ కోడు చూసే బిల్లు ఒప్పుకుంటారు. తప్పు కోడు పెడితే బిల్లు తిరుగుటపాలో వస్తుంది.

అవన్నీ అయిదంకెల నంబర్లు. కోడర్లు అంత పొడుగ్గా పలకరు, చివరి రెండంకెలతోనే పిలుస్తారు. ఏ జబ్బూ లేని బిడ్డను ఆసుపత్రిలో డాక్టరు మొదటిసారి పరీక్ష చేస్తే "అరవై". తర్వాతి రోజుల్లో మళ్ళీ చూస్తే "అరవై రెండు". ఇంటికి పంపే రోజు "ముప్పై ఎనిమిది". మొదటి పరీక్షా, ఇంటికి పంపడమూ ఒకే తేదీన అయిపోతే రెండిటికీ కలిపి "అరవై మూడు" ఒక్కటే.

ఇదంతా మనవరాలు చెబితే సైదా బీ నోరు తెరిచింది. "ఒక్క బిడ్డకు ఇన్ని నంబర్లేందే? మన బస్టాండులో బస్సులకు గూడా ఇన్ని ల్యావు!"

కానీ రోజూ సాయంత్రం సుమయ్య మెట్లు దిగి వస్తుంటే అవ్వ వదలదు.

"ఈ పొద్దు ఎంతమంది పుట్టినారే?"

"డెబ్బై ఇద్దరు అవ్వా."

"అందరూ ఏడ్చినారా?"

సుమయ్య మొదట్లో ఈ ప్రశ్నకు నవ్వేది. తర్వాత డాక్టర్ల రాతల్లో ఏడుపు ఎక్కడుందో వెతికి మరీ చదవడం మొదలుపెట్టింది. "ఒకటి కొంచెం లేటుగా ఏడ్చిందంట అవ్వా, ఇప్పుడు బాగుందంట" అని చెబితే తప్ప ముసలామె గ్లాసులో టీ ముట్టేది కాదు.

రెండేళ్ళు ఇట్లా సాగింది. సుమయ్య లెక్క ప్రకారం ముప్పై వేల మంది పసిబిడ్డలు ఆమె కళ్ళముందు నుంచి పోయారు. తమాషా ఏమిటంటే, నిజంగా అప్పుడే పుట్టిన బిడ్డను డాక్టరు పరీక్ష చేయడం ఆ పిల్ల ఒక్కసారి కూడా చూడలేదు. అక్క మొదటి కాన్పప్పుడు తను హైదరాబాదు హాస్టల్లో ఉంది.

ఇట్లా ఉండగా ఆడిట్ వచ్చింది.

కోడర్ల పనిని కంపెనీలో ఇంకొకరు మళ్ళీ తనిఖీ చేస్తారు. నూటికి తొంభై అయిదు సరిగ్గా ఉండాలి. తగ్గితే ఇంటి నుంచి పని రద్దు, మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు ఆఫీసుకు పోయి మళ్ళీ శిక్షణలో కూర్చోవాలి. ఆ నెల సుమయ్యవి నూరు చార్టులు, అంటే నూరుమంది బిడ్డల రాతలు తీసి, మహేశ్వర్ అనే ఆడిటరు పదకొండు తప్పులు రాశాడు. అంటే ఎనభై తొమ్మిది.

ఆ పదకొండూ ఒకే డాక్టరువి. ఆయన రోజూ పొద్దున ఎనిమిదికి ఆసుపత్రికొచ్చి పోతాడు. ఆయన పోయాక, మధ్యాహ్నమో సాయంత్రమో పుట్టిన బిడ్డల్ని మర్నాడు పొద్దున మొదటిసారి చూస్తాడు. సుమయ్య వాటికి "అరవై" పెట్టింది, మొదటి పరీక్ష కాబట్టి. బిడ్డ పుట్టింది నిన్న, ఇది రెండో రోజు, కాబట్టి "అరవై రెండు" పెట్టాలన్నాడు మహేశ్వర్.

సుమయ్యకు తను చేసింది సరైనదేనని తెలుసు. కానీ అవతలివాడు ఆడిటరు, పదేళ్ళ అనుభవమున్నవాడు. ఒక్కరోజు గడిచేసరికి తెలిసిందంతా కలగాపులగమైపోయింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతుంటే అవ్వ చూసింది.

"ఏమైందే నీకు?"

సుమయ్య చెప్పింది. సైదా బీ అంతా విని, ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి అంది.

"బిడ్డ పుట్టిన పొద్దు వాళ్ళమ్మది. నేను పోయి సూసిన పొద్దు నాది. కోసిగి పక్క పల్లెలో కాన్పయిన మూడోనాడు నన్ను పిలిచినారనుకో, నాకు ఆ బిడ్డ మొదటిసారేనా, మూడోసారా?"

"మొదటిసారే."

"మల్ల? ఆ మహేశ్వరప్పకు ఇది తెలీదా?"

సుమయ్య కంచం పక్కన పెట్టి అవ్వ బుగ్గ మీద ముద్దు పెట్టింది. అవ్వ బుగ్గంతా పప్పయింది.

ఆ మధ్యాహ్నమే తన వాదన రాయడానికి కూర్చుంది. కోడు పుస్తకంలో మొదటి పరీక్ష గురించి ఉన్న వివరణ, అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం వాళ్ళ సూచనలు, అన్నీ తీసి వరసగా పెట్టింది. ఇట్లాంటి పాత చార్టులు ఇంకేమైనా ఉన్నాయా అని వెతుకుతుంటే అదే నూటిలో ఇంకొక చార్టు కంటపడింది. బిడ్డ తెల్లవారుజామున పుట్టింది. ఎనిమిదికి డాక్టరు చూశాడు. అదే రోజు సాయంత్రం ఇంటికి పంపాడు. ఒకే తేదీ. "అరవై మూడు" ఒక్కటి పెట్టాల్సింది, సుమయ్య "అరవై", "ముప్పై ఎనిమిది" రెండూ పెట్టింది. ఇది నిజమైన తప్పు. మహేశ్వర్ దీన్ని గమనించనే లేదు.

సుమయ్య లాప్‌టాప్ మూసేసింది. మళ్ళీ తెరిచింది. కిందికి పోయి తండ్రి పరుపుకు టాకాలు వేస్తుంటే పక్కన కూర్చుని విషయమంతా చెప్పింది.

పీరా సాబ్ దబ్బనం ఆపలేదు. "ఎవురూ సూడనిది నువ్వే ఏంటికమ్మా సెప్పేది?" అన్నాడు. ఇంకో రెండు కుట్లు వేశాక తనే అన్నాడు, "సెప్పకపోతే నీకు నిద్ర పట్టదులే. నీదంతా మీయవ్వ పోలికే. సెప్పేయ్, పోతాది."

సుమయ్య పదకొండు చార్టుల వాదన రాసి, కింద రాసింది: "వీటితో పాటు పన్నెండోది ఒకటి ఉంది. అది మీకు కనబడలేదు. అది మాత్రం నా తప్పే." పంపేశాక మిద్దె మీదికి పోయి ఆరేసిన పరుపుల మధ్య అటూ ఇటూ పరుగెత్తింది.

గురువారం పదకొండు గంటలకు ఫోనులో మాట్లాడదామని మహేశ్వర్ నుంచి జవాబు వచ్చింది.

గురువారం పొద్దున ఏడింటికే ఒక ఫోను వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి బావ హారూన్. రుక్సానాకు నొప్పులు మొదలైనాయి, ఆసుపత్రిలో చేర్చినాను, అవ్వను తీసుకుని రమ్మని. ఇది అక్కకు రెండో కాన్పు, అత్తగారింట్లోనే ఉంది. సుమయ్య లాప్‌టాప్ సంచిలో వేసుకుంది. అవ్వ తన గుడ్డసంచి వేసుకుంది. పీరా సాబ్ ఇద్దరినీ ఎమ్మిగనూరు బస్సెక్కించి, మధ్యాహ్నం వస్తానని చెప్పి అంగడికి పోయాడు.

దారి పొడుగునా అవ్వ బస్సులోని వాళ్ళందరికీ మనవరాలి కాన్పు సంగతి చెప్పింది. బస్సు దిగేసరికి కండక్టరుతో సహా పదిమంది "మగబిడ్డా ఆడబిడ్డా మాకు తెలిసేదెట్లవ్వా?" అని అడిగారు.

ఆసుపత్రి గుమ్మంలో హారూన్ ఎదురొచ్చాడు. సంత దగ్గర అతనికి తువ్వాళ్ళ దుకాణం. కంగారులో బిడ్డను తుడవడానికని దుకాణంలో ఉన్న ఎమ్మిగనూరు తువ్వాళ్ళు రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. చుక్కలవి, గళ్ళవి, జరీ అంచువి, మొత్తం ఇరవైకి పైనే ఉంటాయి.

"ఎంతమంది పుడతాండారప్పా?" అంది అవ్వ. ఒక్కొక్కటే చేత్తో రుద్ది చూసి అన్నీ వెనక్కిచ్చింది. "కొత్త గుడ్డ గీసుకుంటది. ఇంట్లో బాగా ఉతికిన పాత పంచె ఉంటే తే పో." హారూన్ తువ్వాళ్ళతోనే పరుగెత్తాడు.

అవ్వ కాన్పు గది తలుపు దగ్గర కూర్చుంది. పదకొండుకు అయిదు నిమిషాలుందనగా సుమయ్య సిగ్నలు కోసం వరండా అంతా తిరిగింది. మెట్ల కింద, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన, ఒంటికాలి మీద నిలబడినంత జాగాలో దొరికింది. ఫోను మోగింది.

"నమస్తే అమ్మా, మహేశ్వర్‌ని. సుమయ్య గారున్నారా? ఒకసారి ఆయన్ని పిలుస్తారా?"

"నేనే సార్ సుమయ్య."



"ఆ మెయిల్ రాసింది మీరేనా? నేను... ఎవరో రిటైరైన పెద్దాయన అనుకున్నానండీ. అందుకే ప్రతి వాక్యానికీ గారు గారు అని రాశాను."

సుమయ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం సంగతి తేలే సమయం, నవ్వకూడదు. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

మహేశ్వర్ గొంతు సవరించుకుని విషయానికొచ్చాడు. "చూడండమ్మా, బిడ్డ పుట్టింది ఒక తేదీ. డాక్టరు చూసింది మర్నాడు. బిడ్డకు అది రెండో రోజు. మొదటిరోజు కోడు ఎట్లా పెడతారు?"

"సార్, మనం కోడు పెట్టేది బిడ్డ వయసుకు కాదు సార్, డాక్టరు పరీక్షకు..."

అప్పుడే కాన్పు గది లోపలి నుంచి ఏడుపు వినబడింది. మొదట పిల్లికూన అరిచినట్టు సన్నగా, తర్వాత వరండా అంతా దద్దరిల్లేట్టు. అవ్వ గబుక్కున లేచి రెండు చేతులూ పైకెత్తింది. పాత పంచెతో అప్పుడే మెట్లెక్కుతున్న హారూన్ మిగతా మెట్లు రెండేసి చొప్పున దూకాడు. నర్సు తల బయటపెట్టి "ఆడబిడ్డ!" అంది.

"ఏమిటమ్మా ఆ శబ్దం?" అన్నాడు మహేశ్వర్.

"పుట్టింది సార్!"

"ఎవరు?"

"మా అక్క కూతురు సార్! ఇప్పుడే! ఈ నిమిషమే!" సుమయ్య మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. "సార్, ఈ బిడ్డ ఈ పొద్దు పదకొండూ అయిదుకు పుట్టింది. పిల్లల డాక్టరు ఈ పొద్దు రాలేదనుకోండి. రేపు పొద్దున వచ్చినాడనుకోండి. ఆ డాక్టరుకు ఈ బిడ్డ మొదటి పరీక్ష ఎప్పుడు సార్?"

బిడ్డ ఏడుస్తూనే ఉంది.

"రేపు," అన్నాడు మహేశ్వర్ మెల్లగా.

"అంతే సార్!"

"...నేను సూచనలు ఇంకోసారి చూసి చెబుతాను. మీరు ముందు లోపలికి పొండి. శుభాకాంక్షలండీ."

సుమయ్య లోపలికి ఒక్క దూకు దూకింది. నర్సు ఆపింది. గంట తర్వాత గాని పోనివ్వలేదు. రుక్సానా అలసిపోయి నవ్వుతూ పడుకుని ఉంది. "వచ్చినావా? నీ అమెరికా బిడ్డల్ని వదిలి?" అంది చెల్లెలి చెయ్యి పట్టుకుని.

అప్పుడే పిల్లల డాక్టరు వచ్చింది. పేరు నాగవేణి, నలభై ఏళ్ళుంటాయి, గట్టిగా మాట్లాడే మనిషి. వెచ్చని దీపం కింద బిడ్డను పడుకోబెట్టి గుడ్డ విప్పింది. సుమయ్య రెండడుగుల దూరంలో నిలబడింది. ముప్పై వేలసార్లు చదివింది ఇప్పుడు కళ్ళముందు మొదలైంది.

డాక్టరు వేళ్ళతో బిడ్డ నడినెత్తిన మాడు తడిమింది. "మాడు మెత్తగా, సమంగా," అని సుమయ్య సన్నగా గొణిగింది. డాక్టరు టార్చి వేసింది. "కళ్ళు." చిటికెన వేలు నోట్లో పెట్టింది. "అంగిలి చీలిక లేదు." గుండె మీద గొట్టం ఆనించింది. "గుండెలో వేరే చప్పుడు లేదు." తొడల మొదట్లో రెండు వేళ్ళు ఆనించింది. "నాడి రెండు వైపులా." మోకాళ్ళు మడిచి పక్కలకు తెరిచింది. "తుంటి కీళ్ళు జారడం లేదు."

నాగవేణి తల తిప్పింది. "ఎవరమ్మా నువ్వు? నేను చెయ్యి వేసింది వేసినట్టే చెప్పేస్తున్నావు. నర్సువా?"

"కాదు మేడమ్. కోడర్ని. రోజుకు డెబ్బై మంది బిడ్డల పరీక్షలు చదువుతా. కానీ చూసేది ఇదే మొదటిసారి."

"డెబ్బై మందా! నాకు నెలకు కూడా అంతమంది రారు." డాక్టరుకు సరదా పుట్టింది. "అయితే దగ్గరికి రా. తర్వాత ఏముంది చెప్పు."

"మోరో మేడమ్, బిడ్డ ఉలికిపాటు. రెండు వైపులా సమానంగా."

నాగవేణి బిడ్డ తలను అరచేతిలో పట్టుకుని కొంచెం పైకెత్తి, చటుక్కున చెయ్యి కిందికి దించింది. బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపింది. పది వేళ్ళూ విసనకర్రల్లా విచ్చుకున్నాయి. తర్వాత ఎవరినో వాటేసుకోబోయినట్టు రెండు చేతులూ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇదా!" అంది సుమయ్య. "ఇదా మోరో అంటే! ఇంత బాగుంటదా?"

ఇక ఆగలేదు. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, మధ్యలో ఎక్కిళ్ళు. మంచం మీద రుక్సానాకు నవ్వొచ్చింది. "అమ్మా, నవ్వితే నొప్పే, ఊరుకో!" అని అరుస్తూనే నవ్వింది. నర్సు కూడా అందుకుంది. నాగవేణి "నా పదిహేనేళ్ళలో మోరోకు ఇంత నవ్వినవాళ్ళు లేరమ్మా" అంటూ ఇంకోసారి చేసి చూపించింది.

సైదా బీ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఎవరినీ అడగలేదు. బిడ్డ పాదాలు చేతిలోకి తీసుకుని మడమలు చూసింది, వీపు తిప్పి వెన్ను పొడుగునా బొటనవేలు జరిపింది, చెవి దగ్గర చిటిక వేసింది. నాగవేణి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"అవ్వా, ఎన్ని కాన్పులు చేసినావు?"

"లెక్క పెట్టలేదమ్మా. లెక్కలు దీనివి," అంది అవ్వ మనవరాలిని చూపించి.

మధ్యాహ్నం పీరా సాబ్ వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో ఉన్న ప్రతి మనిషి భుజం మీదా ఒక కొత్త తువ్వాలు ఉంది. హారూన్ సంతోషం పట్టలేక ఎదురైన వాళ్ళకల్లా కప్పేశాడు. వాచ్‌మన్‌కు రెండు పడ్డాయి.

నాలుగింటికి సుమయ్య ఫోనుకు మెయిల్ వచ్చింది. చదివి, అక్కకు వినబడేట్టు మళ్ళీ పైకి చదివింది. "సుమయ్య గారికి, పదకొండు తప్పులూ కొట్టేశాను. అవి నావే. పన్నెండోది మాత్రం ఉంచాను, మీరే ఒప్పుకున్నారు కాబట్టి. మీకు నూటికి తొంభై తొమ్మిది. బిడ్డ ఎట్లా ఉంది?"

హైదరాబాదు పోయే గండం తప్పింది. నెల తిరగకముందే అదే మహేశ్వర్ ఇంకో మెయిల్ పెట్టాడు. కొత్తగా చేరిన నలభై మందికి పసిబిడ్డల పరీక్షల గురించి గంటసేపు ఆన్‌లైన్లో పాఠం చెప్పగలరా అని. సుమయ్య సరేనంది. మిషను ఆపమని తండ్రిని బతిమాలుకుంది. తెర మీద నలభై ముఖాలు వచ్చాయి. మొదటి పావుగంట రాసుకున్న కాగితం చూసి చదివింది, తర్వాత దారిలో పడింది. పాదాల రంగు దగ్గరికి వచ్చేసరికి ఒక కుర్రాడు అడిగాడు. "మేడమ్, పాదాలు నీలంగా ఉన్నాయని డాక్టరు రాస్తే, బిడ్డకు జబ్బున్నట్టా, లేనట్టా? ఏ కోడు పెట్టాలి?"

సుమయ్య నోరు తెరవకముందే వెనక నుంచి సైదా బీ వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"పాదాలొక్కటే నీలమైతే భయం ల్యా నాయనా. ఒకట్రెండు దినాలకు ఎర్రగైతాయి. పెదవులు సూడు, నాలిక సూడు. అవి నీలమైతేనే పరుగెత్తాల."

"డాక్టరు కూడా అట్లనే రాస్తాడు," అంది సుమయ్య అవ్వ భుజం మీదుగా తల పెట్టి. "పాదాలొక్కటే అని రాసి, బిడ్డ బాగుందని రాస్తే మన ‘అరవై’యే. డాక్టరు జబ్బని రాయనిది మనం జబ్బు అనుకోకూడదు."

నలభై ముఖాలూ తెర దగ్గరికి జరిగాయి. ఒకమ్మాయి చెయ్యెత్తింది. "అవ్వా, పుట్టగానే ఏడవకపోతే ఏం చేసేవాళ్ళు?" ఇంకొకరు బొడ్డు గురించి అడిగారు. ఇంకొకరు కవలల గురించి. అడిగిన ప్రతిదానికీ అవ్వ పల్లె పేరు, తల్లి పేరు, ఆ రోజు వానో ఎండో చెప్పి మరీ జవాబిచ్చింది, దానికి సరిపడే కోడు ఏదో పక్కనుంచి సుమయ్య చెప్పింది. గంట పాఠం రెండు గంటలైంది. కింద మిషను ఆపుకుని కూర్చున్న పీరా సాబ్, మెట్ల మీది నుంచి వస్తున్న నవ్వులు విని, అందరికీ టీ పెట్టమంటారా అని కేకేశాడు.